బాగాయములో ఆరు వారములు

తెనాలిలో రాత్రి రైలెక్కినప్పుడు మా యత్తగారిని నలుగురు మోసి పెట్టెలోనికి చేర్చిరి. మరునాటి యుదయమున కాట్పాడిలో దింపుటకును నలుగురే కావలసివచ్చిరి. తిరుగు ప్రయాణములో ఎందరు కావలసివచ్చిరో తరువాత చెప్పెదము. నడుమ జరిగిన సంగతులను సోదరీమణులకు తెలుపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. పెద్దవారు లేని యిల్లుండదు. పెద్దవారున్న యింటికి ఈ యవసరము ఏనాడు వచ్చునో ఎవ్వరును చెప్పజాలరు.

మా యత్తగారికి డెబ్బదియొకటవ యేడు. ఆ మాఘమాసపు ఉదయమువరకు ఆమె ఒకరిచేత నీళ్లచెంబైన నందించుకొని యెరుగరు. ఆనాడు వాకిట ముగ్గు పెట్టుచుండగా పిండిగిన్నె చేతినుండి జారిపడెను. ఆమెయు దానిప్రక్కనే ఒరిగిపోయిరి. కుడికాలు, కుడిచేయి పడిపోయినవి, మాటయు పోయినది. మెదడునకు ఎడమప్రక్క రక్తము ప్రసరించుట నిలిచినచో కుడి యంగములు చచ్చుపడుననియు, మాటకు స్థానమైన భాగము చాలమందికి ఆ ప్రక్కనే యుండుననియు మాకు తరువాత తెలిసినది. మా ప్రాంతమున ఒక ఆసుపత్రిలో చేర్చితిమి. ప్రాణము నిలిపిరి, ఆ ఋణము తీర్చలేనిది. కాని పది దినములు ఆమె వెల్లకిల పరుండియే యుండిరి. రెండేసి గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెనని మాతో చెప్పినవారు లేరు, మాకై మాకు తోచలేదు. ఇంటికి తెచ్చునప్పటికి వెన్నుపూస చివర రూపాయి బిళ్లయంత పుండు పడియుండెను. చూడవచ్చిన బంధువులు ప్రతివారును పడిపోయిన చేయి పట్టుకొనియే లేవదీసిరి. కండలో బలము లేనప్పుడు చేయిపట్టి లాగినచో భుజపుకీలు పట్టుతప్పి నొప్పిపుట్టునని మాకేమి తెలియును? ఆమె కేకవేసినప్పుడెల్ల దుఃఖమువలన ననుకొంటిమి.

చిత్తూరునందున్న మా పినతల్లి కుమార్తె వేలూరు మాట చెప్పినది. "అక్కడ మందులివ్వటం కాదక్కా, మళ్లీ బతకటం నేర్పుతారు" అని దాని మాట. మా పెద్దాడబిడ్డకు ఇది నచ్చలేదు. ఈ వయసులో తల్లిని ఊరుకాని యూరు త్రిప్పుట హింసయే కాని సేవ కాదనియు, తనకు అప్పగించినచో కూర్చుండబెట్టి పోషింతుననియు ఆమె ఏడ్చినది. ఆమె మాట తప్పని మేమంటిమా? అనలేదు. మంచముమీదనే సమస్తము జరిపించుట ఆ నెలదినములు మేము చేసినదియే. మా యత్తగారు గోడవైపునకు మొగము త్రిప్పి పరుండుట చూచి చూచి, ఏమైన కానిమ్మని బయలుదేరితిమి.

వేలూరు మనకు పరాయి యూరు కాదు. చిత్తూరుకు ఎంతో దూరము లేదు. 1565లో తల్లికోట యుద్ధము జరిగిన పిమ్మట విజయనగరపు రాజులు పెనుగొండకును, చంద్రగిరికిని, తుదకు ఈ యూరికిని తరలివచ్చిరి. మన పెద్దలు రాయవేలూరని పిలిచినదియే యిది. కాట్పాడి స్టేషనునుండి పోవుచు పాలారు వంతెన దాటవలెను. పేరు పాలారే కాని మేము చూచినప్పుడు ఇసుక తప్ప నీటిచుక్క లేదు. ఊరిలో ప్రవేశించినంతనే కంటబడినది వంగలిపులో వ్రాసిన అంగళ్ల పేర్లు. వంగదేశమునుండి, అస్సామునుండి రోగులు రైళ్లకు రైళ్లు ఇచ్చటికి వత్తురు. వారికొరకు లాడ్జీలవారు వంటగదితో సహా గదులిత్తురు. ఆసుపత్రి వెనుక వీధులలో ఉదయముననే ఒక గదినుండి ఆవనూనె వాసన, మరియొకదానినుండి మా చింతపండు పులుసు వాసన కలిసి వచ్చుచుండును.

ఈ ఆసుపత్రి కథ స్త్రీలు తెలిసికొనదగినది. ఐడా స్కడరు అను అమెరికా కన్య, మన దేశమున తల్లిదండ్రుల చూడవచ్చినప్పుడు, ఒక్క రాత్రియే మూడిండ్ల పురుషులు ప్రసవవేదనలోనున్న తమ భార్యలకై ఆమెను పిలువ వచ్చిరట. ఆమెకు వైద్యము రాదు. వైద్యుడైన ఆమె తండ్రిని పంపెదమన్న, పరపురుషుడు తగదని వారొల్లరైరి. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ కన్య స్వదేశమేగి వైద్యవిద్య నేర్చి తిరిగివచ్చి, 1900లో ఒక్క మంచముతో వేలూరున వైద్యము మొదలిడెను. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచెను. అందు పురుష విద్యార్థులను చేర్చుకొనుట 1947లోనే మొదలైనది. ఆడువారి కళాశాలలోనికి మగవారిని పోనీయని రానిచ్చిరని మావారు నవ్విరి.

మేము పోవలసినది ఊరినడుమ నున్న పెద్ద యాసుపత్రికి కాదు. అచ్చట చూపించిన పిమ్మట, పడక ఖాళీ యగువరకు లాడ్జిలో వేచియుండి, పట్టణమునకు దక్షిణముగా కళాశాల యున్న బాగాయమునకు పోయితిమి. పునరావాస సంస్థ యచ్చటనే కలదు. పునరావాసమన్నచో మన తెలుగువారికి ప్రాజెక్టు క్రింద మునిగిన యూళ్లవారికి ఇచ్చు ఇండ్లస్థలములు జ్ఞప్తికి వచ్చును. మావారు కాగితముమీద ఆ మాట చదివి మొగము చిట్లించిరి. తరువాత తరువాత మాకు ఆ మాట అంత తప్పనిపించలేదు. వెనుకటి యూరు మునిగినమాట నిజము; కట్టుకొనవలసినది క్రొత్తయిల్లు.

ఆ సంస్థను స్థాపించిన డాక్టరు మేరీ వర్గీసుగారు కేరళమున 1925లో జన్మించి ఈ కళాశాలలోనే చదివిరి. 1954లో కారు బోల్తాపడి వెన్నెముక దెబ్బతిని నడుము క్రిందిభాగము చచ్చుపడినది. వయసు ఇరువదితొమ్మిదియైన నిండలేదు. పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుని ప్రోత్సాహమున ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. నిలుచుండకయే చేయదగిన పని యది యని ఆయన కనిపెట్టెనట. పిమ్మట న్యూయార్కులో హోవర్డు రస్కుగారి సంస్థలో శిక్షణ పొంది వచ్చి, 1966లో బాగాయమున ఈ యాలయము తెరపించిరి. రోగులు లోపలనుండి నేర్చుకొనుటకు మన దేశమున ఇట్టి సంస్థ ఏర్పడుట అదియే మొదలు. 1972లో పద్మశ్రీ వచ్చినది, 1986లో స్వర్గస్థులైరి. ఆమె కథ విన్నపిమ్మట మాకు అచ్చటి యొక మర్యాద అర్థమైనది. ఎవ్వరును రోగిని జాలిగా చూడరు. మొదట అది కాఠిన్యమనుకొంటిమి.

చేరిన మొదటి రెండు మూడు దినములు పరీక్షలతోనే సరిపోయినవి. వైద్యురాలు, దాదులు, కాలుసేతుల కసరత్తు నేర్పు ఫిజియోథెరపీ పిల్ల, అన్నము తినుట, బట్ట కట్టుట మొదలగు దినచర్య నేర్పు ఆక్యుపేషనల్ థెరపీ పిల్ల, మాట నేర్పునామె, బద్దలును చెప్పులును చేయువారు, ఇంటి సంగతులు విచారించు సంఘసేవిక, అందరును వేరువేరుగ వచ్చి చూచి, తరువాత ఒక్కచోట కూడి మాటలాడుకొనిరి. మమ్మును పిలిచిరి. అప్పుడు మాకొక పట్టిక చూపిరి. దానికి బార్తెల్ పట్టికయని పేరు, 1965లో అచ్చైనదట. తినుట, స్నానము, మొగము కడుగుకొని తలదువ్వుకొనుట, బట్టకట్టుట, మలమూత్రములపై అదుపు, దొడ్డికి పోవుట, మంచమునుండి కుర్చీకి మారుట, నడక, మెట్లెక్కుట, ఇట్లు పది పనులకు మార్కులుండును. మొత్తము నూరు. మా యత్తగారికి 25 వచ్చినవి. బడిపిల్లవలె తప్పినందుకు మాకు సిగ్గువేసెను. స్నానమునకు అయిదే మార్కులు, మంచము దిగి కుర్చీలో కూర్చుండుటకు పదునైదు. ఎందుకు అంత యని అడిగితిమి. "అది వచ్చినవారికి మిగిలినవన్నీ దారిలో పడతాయమ్మా; అది రానివారికి ఎప్పుడూ ఒక మనిషి కావాలి" అని చిత్తూరు ప్రాంతపు దాది యొకతె తెలుగులో చెప్పినది. ముగ్గులకును, పూజకును, పోపు వేయుటకును ఆ పట్టికలో గడులు లేవు. పట్టిక వ్రాసినవాడు మగవాడై యుండునని మేమనుకొంటిమి. వ్రాసిన యిద్దరును స్త్రీలే నని తరువాత తెలిసినది.

ఆ సమావేశముననే వైద్యురాలు, "ఆరు వారాల తరువాత ఏమి కావాలని మీ కోరిక?" అని అడిగిరి. మావారు, "అమ్మ మునుపటిలా నడవాలి" అనిరి. మేము, "మాట్లాడాలి" అంటిమి. వైద్యురాలు మా యిద్దరి మాటయు వ్రాసికొని, కుర్చీ త్రిప్పి మా యత్తగారి కెదురుగా కూర్చుండి అదే ప్రశ్న ఆమెను అడిగిరి. మాటరాని మనిషిని అడుగుటయేమని మేమాశ్చర్యపడితిమి. బొమ్మలున్న అట్ట యొకటి ముందుంచిరి. అందు అన్నము, గుడి, నడచు మనిషి, పిల్లలు, మంచము, స్నానపుగది, ఇట్టి వెన్నియో కలవు. మా యత్తగారు చాలసేపు చూచి, ఎడమచేతి వ్రేలు స్నానపుగదిమీద నుంచి, మావైపు చూచి, ఆ వ్రేలితోనే పొమ్మన్నట్లు సైగచేసిరి. మాకు మొదట బోధపడలేదు. దాదియే చెప్పినది: "మీరెవ్వరూ లేకుండా పోవాలంటున్నారు."

నెలదినములు మా చేతులతో సమస్తము చేసితిమి. ఆమె కేమి కావలెనో ఒక్కనాడును అడిగి యెరుగము.

తెల్లవారినది మొదలు అచ్చట తీరిక లేదు. దాదులు వచ్చి పుండు చూచి కట్టుకట్టుదురు. త్రిప్పుచుండుటవలనను, మెత్తని దిండ్లవలనను అది నాలుగవ వారమునకు పూడినది. తరువాత ఫిజియోథెరపీ హాలు. పెద్దహాలు, నడుమ నడుము ఎత్తున రెండేసి కమ్మీలు, వానినడుమ నడచువారు, గోడలకు అద్దములు, ప్రక్కన నాలుగు మెట్లెక్కి నాలుగు మెట్లు దిగు చెక్కమెట్లు. తాటిచెట్టునుండి పడిన యువకులు, బండి ప్రమాదములలో వెన్ను విరిగినవారు, మావంటి పెద్దవారు, అందరును ఒక్కచోటనే. నడుము క్రింద చలనము లేని పందొమ్మిదేండ్ల పిల్లవాడు చేతుల బలముతో మంచమునుండి చక్రాలకుర్చీలోనికి ఎగిరి కూర్చుండుట మా యత్తగారు రెప్పవాల్పక చూచెడివారు. ఆ పిల్లవాడు ఆమెను "పాట్టీ" యని పిలిచి, ఆమె నిలబడిన దినమున చప్పట్లు కొట్టెను.

నిలబడుటకే మొదటి వారము పట్టినది. పెద్దవయసువారు మంచము పట్టినచో కండ యెంత త్వరగా కరగునో మేమెరుగము. మంచి కాలుకూడ సన్నబడియుండెను. ఒక్కసారి లేపి నిలబెట్టినచో రక్తపుపోటు పడిపోయి కండ్లు తిరుగును. అందుచేత మొదట మంచము తలవైపు ఎత్తుట, పిమ్మట అంచున కూర్చుండబెట్టుట, నెమ్మదిగా నిలబెట్టుట. పాదము ముందునకు వ్రేలాడకుండ తేలికయైన ప్లాస్టికు బద్ద చేసి చెప్పులో నమర్చిరి. మెట్లెక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు పడిపోయిన కాలు ముందు అని నేర్పిరి. మేమును వల్లించితిమి. కొద్ది కొద్దిగా పలుమార్లు చేయించి నడుమ విశ్రాంతి యిత్తురు. పెద్దవారు అలసినచో మరునాటి పనికూడ చెడునట.

అన్నము సంగతి వేరుగ చెప్పవలెను. మేము రోజును ముద్దలు చేసి నోటికందించుచుంటిమి. మూడవనాడు ఆక్యుపేషనల్ థెరపీ పిల్ల, ఇరువదినాలుగేండ్లుండునో లేదో, మా చేతినుండి కంచము తీసికొని, "మీరు పెట్టకండమ్మా. ఆమె తింటుంది" అనినది. లావుపాటి పిడిగల చెంచా యొకటి మా యత్తగారి ఎడమచేతి కిచ్చినది. మా యత్తగారు ఆ చెంచా వైపు చూచి పెదవులు బిగించిరి. ఎడమచేత అన్నము! డెబ్బదియేండ్లలో ఆమె ఎడమచేత విస్తరినైన ముట్టి యెరుగరు. ఎడమచేతితో వడ్డించినందుకు మమ్మును కాపురమునకు వచ్చిన క్రొత్తలో మందలించినవారు. ఆ పూట తినలేదు. రాత్రియు తినలేదు. పాలు మాత్రము త్రాగిరి. మాకు కడుపు తరుక్కుపోయినది. ప్రక్క పడక రోగికి తోడున్న తెలుగామె, "కళ్లెదుట అత్త పస్తుంటే చేతులు కట్టుకుని కూర్చునే కోడల్ని ఇప్పుడే చూశాను" అనినది. మాటకు బదులు చెప్పలేకపోతిమి. లోలోపల మాకును అదే యనిపించుచుండెను.

మరునాడు ఇడ్లీలు వచ్చినవి. ఆ పిల్ల మాటలాడక కంచమును ముందుంచి ప్రక్కన కూర్చుండినది. చాలసేపటికి మా యత్తగారు ఎడమచేతితో పడిపోయిన కుడిచేతిని ఎత్తి, తెచ్చి, కంచపు అంచున ఆనించిరి. తరువాత ఎడమచేత చెంచా తీసికొనిరి. కుడిచేయి విస్తరిని తాకియున్నది గదా యని ఆమె లెక్క. ఆ పిల్ల చప్పున లేచి నిలిచి, "అదే, అదే నేర్పాలనుకున్నాను!" అనినది. చచ్చుపడిన చేతిని మరచిపోక దానికి ఏదో యొక పని, కనీసము కంచము కదలకుండ పట్టు పని, ఇచ్చుచుండవలెనట. శాస్త్రమును ఆచారమును అట్లొకచోట కలిసినవి. ఒక్క ఇడ్లీ తినుటకు నలుబది నిమిషములు పట్టినది. సగము చీరపై పడినది. ప్రక్కపడక తెలుగామె తరువాత మాతో కలిసి టీ త్రాగినది. తానును వాళ్ల మామగారికి ముద్దలు పెట్టుట మానినది.

మింగునప్పుడు పొలమారకుండ నిటారుగా కూర్చుండబెట్టవలెనని, గడ్డము కొంచెము క్రిందికి వంచి మింగుమనవలెనని, పలుచని నీళ్లకంటె చిక్కని గంజి క్షేమమని, తిన్న పిమ్మట అరగంట పరుండనీయరాదని చెప్పిరి. ఊపిరితిత్తులలోనికి అన్నము పోయిన ప్రాణాపాయము. ఎవరికి ఏది తగునో వారే పరీక్షించి చెప్పుదురు. చదివినవారు తమంత తాము గంజి మొదలుపెట్టరాదు.

మాట విషయములో జరిగినది వింతగ తోచును. "నీళ్లు" అను మాట ఆమెకు రాదు. మనుమరాలి పేరు రాదు. ఏది చెప్పబోయినను "అదీ, అదీ" యనియే వచ్చి, కండ్లనీళ్లు పెట్టుకొనెడివారు. మాట నేర్పునామె తమిళురాలు. మమ్ము దగ్గర కూర్చుండబెట్టుకొని, ఈమెకు చిన్ననాటనుండి వచ్చిన పాటగాని, శ్లోకముగాని కలదా యని అడిగినది. ప్రతి శుక్రవారమును అమ్మవారికి మంగళహారతి పాడెడివారని చెప్పితిమి. అది మమ్ము మొదలిడుమనినది. మా గొంతు బాగుండదు; హాలులో పదిమంది యున్నారు. సిగ్గు విడిచి మొదటి చరణమెత్తుకొంటిమి. రెండవ పాదమున మా యత్తగారి గొంతు కలిసినది. మూడవ పాదమున మేము మాని వింటిమి. మాటలన్నియు స్పష్టముగ, ఒక్క యక్షరము తప్పకుండ, చివరివరకు ఆమెయే పాడిరి. మావారు గుమ్మమువద్ద నిలిచియుండి బయటికి పోయిరి.

పాటలును, అంకెల వరుసయు, వారముల పేర్లును మెదడులో వేరొక త్రోవన నిలిచియుండునట. పాట వచ్చినంతమాత్రాన మాట వచ్చినట్లు కాదని, ఆశ పెంచుకొనవలదని ఆమె వెంటనే హెచ్చరించినది. కాని ఆ త్రోవనే కొంచెముకొంచెముగ మాటకు దారి చేయవచ్చును. రాగముతో "నీళ్లు కావాలి" యని పాడించి, పాడించి, రాగము తగ్గించి, ఆరవ వారమునకు మామూలుగా "నీళ్లు" అనిపించిరి. "అమ్మాయీ" యని మమ్ము పిలిచినది ఐదవ వారము మంగళవారమునాడు.

అన్నియు ఇట్లే నడచినవని పాఠికలు అనుకొనరాదు. మూడవ వారమున మేము సబ్బుకొరకు అంగడికి పోయి, పది నిమిషములలో వత్తుమని చెప్పి కుర్చీ చక్రములకు బ్రేకు వేయుట మరచితిమి. ఆమె తనంత లేవబోయిరి. కుర్చీ వెనుకకు జారినది. ఆ పందొమ్మిదేండ్ల పిల్లవాడు తన కుర్చీని అడ్డముగ తెచ్చి ఆపకున్న తుంటియెముక విరిగియుండెడిది. ఆ రాత్రి మాకు నిద్రలేదు. ఆ వారముననే చేతి సంగతియు తెలిసినది. ఇన్ని వారములైనను వ్రేళ్లలో చలనము రాలేదు గనుక, ఆ చేయి పనికి వచ్చునంతగ కోలుకొనుట కష్టమని వైద్యురాలు దాపరికము లేకుండ చెప్పిరి. నడక మెరుగగును, మొదటి మూడు నాలుగు నెలలు ఎక్కువగను, ఆరు నెలల పిమ్మట నెమ్మదిగను. చేతిమీద మాత్రము ఆశ పెట్టుకొని తక్కిన పని మానవలదు అని. మావారికి కోపము వచ్చినది. ఇంతదూరము వచ్చినది ఈ మాట వినుటకా యనిరి. మేమును లోలోన ముగ్గుపిండి తలచుకొంటిమి. మా యత్తగారు నాలుగుదినములు హాలునకు రామనిరి, పిలిచినను పలుకలేదు. పక్షవాతము వచ్చినవారిలో ముగ్గురిలో ఒకరికి ఇట్టి దిగులు పట్టుననియు, అది మొండితనము కాదు, జబ్బులో భాగమేననియు, మందు కలదనియు వారు చెప్పిరి. మందిచ్చిరి. మందుతోపాటు ఆ పిల్లవాడు ప్రతియుదయమును కుర్చీ దొర్లించుకొనివచ్చి "పాట్టీ, వాంగ" యని మంచము ప్రక్కన నిలిచెడివాడు. దేనివలన లేచిరో మేము నిర్ణయింపలేము.

ఆదివారము సెలవు. ఒక ఆదివారము మావారిని తోడుంచి మేము కోట చూచివచ్చితిమి. చుట్టును నీటితో నిండిన అగడ్త. లోపల జలకంఠేశ్వరుని గుడి. కల్యాణమండపపు స్తంభములపై గుఱ్ఱములు ముందుకాళ్లెత్తి నిలిచియున్నవి. ఆ గుడిలో దీర్ఘకాలము మూలవిరాట్టు లేకయే యుండెనట. 1981లో లింగమును మరల తెచ్చి ప్రతిష్ఠించిరి. ఆలయము శిథిలము కాలేదు, దీపము మాత్రము లేదు, అన్నమాట. మేమచ్చట చాలసేపు కూర్చుంటిమి.

చివరి రెండు వారములు రోగికంటె మాకే పాఠములు. కుర్చీనుండి మంచమునకు మార్చునప్పుడు మన నడుము పట్టుకుపోకుండ ఎట్లు వంగవలెనో, పడిపోయిన చేయి తొడుగు ముందు, మంచి చేయి తరువాత తొడుగునట్లు జాకెట్టు ఎట్లు వేయవలెనో, విప్పునప్పుడు దానికి విరుద్ధముగ ఎట్లో చేయించి చూచిరి. ముందు హుక్కులున్న వదులు జాకెట్లు, జారని నేత చీరలు, వెనుక పట్టీగల చెప్పులు మంచివి. మేము తెచ్చిన పట్టుచీర పెట్టెలోనే యుండెను. కండ్లజోడు, వినికిడి యంత్రము, పండ్ల సెట్టు, వాడుచున్న మందుల చీటీ మరువక తీసికొనిపోవలెను. మేము కండ్లజోడు మరచి వచ్చినందున మొదటి వారము ఆమె బొమ్మల అట్టయే సరిగా చూడలేకపోయిరి. మా యింటి స్నానపుగది కొలతలు అడిగిరి: గుమ్మము వెడల్పెంత, గడప యెత్తెంత, నేల జారునా యని. మావారు ఫోనులో మరిదిచేత కొలిపించి చెప్పిరి. గడప తీయించుమనిరి, ఎత్తుపీట వేయించి ప్రక్కన కమ్మి బిగింపుమనిరి, ఒక్కచేత వాడుకొనుటకు వీలుగ గొట్టపుకొళాయి పెట్టించుమనిరి. తలుపుకు లోపలి గడియ తీసివేయుమనియు చెప్పిరి. లోపల పడినచో బయటివారు పోవుటకు వీలుండవలెను గదా.

బయలుదేరునాటికి ఆమె పట్టికలో 75 వచ్చినవి. నాలుగు కాళ్ల ఊతకర్ర చేత పట్టుకొని, ఒకరు ప్రక్కనుండగా హాలు ఈ చివరనుండి ఆ చివరకు నడచెడివారు. కుడిచేయి అట్లే యున్నది. పది పదునైదు మాటలు వచ్చినవి. సెలవు తీసికొనునప్పుడు అన్నము నేర్పిన పిల్లకు తనచేత ఏదైన ఇవ్వవలెనని సైగచేసి, మాచేత పెట్టె తెరపించి పట్టుజాకెట్టు గుడ్డ తీయించి ఎడమచేతితో ఇచ్చుటకు సంకోచించి, కుడిచేతిని పైన ఆనించి ఇచ్చిరి. కాట్పాడిలో రైలెక్కునప్పుడు ఇద్దరము చాలితిమి, ముందొకరు, వెనుకనొకరు.

ఇంటికి వచ్చిన పిమ్మట మా పెద్దాడబిడ్డ వచ్చి, తల్లి ఎడమచేత చెంచాతో తినుట చూచి కండ్లనీళ్లు పెట్టుకొని, ముద్ద కలిపి నోటికందింపబోయినది. మా యత్తగారు ఆమె చేతిని ప్రక్కకు నెట్టి "వద్దు" అనిరి. ఆ మాట బాగాయములో నేర్పలేదు. వాకిట ముగ్గు ఇప్పుడు మేము పెట్టుచున్నాము. ఆమె కుర్చీలో కూర్చుండి కర్రతో చుక్క వంకర చూపుదురు.

గడియ తీసివేయుటకు వడ్రంగిని పిలువవలెనని రోజు అనుకొనుచు మరచుచుంటిమి. రెండు నెలలైన పిమ్మట ఒక యుదయమున మేము కాఫీ పెట్టుచుండగా ఊతకర్ర చప్పుడు వినవచ్చినది. వచ్చి చూచునప్పటికి ఆమె స్నానపుగదిలోనికి పోయి, ఎడమచేత తలుపు మూసి, లోపల గడియ వేసికొనుచున్నారు. పరుగెత్తి పోయి తలుపువద్ద నిలిచితిమి. పిలువబోయి ఊరకుంటిమి. కొళాయి తిప్పిన చప్పుడు, నీళ్ల చప్పుడు. కొంతసేపు ఏమియు లేదు. మా గుండె ఆగినంత పనియైనది. తరువాత సన్నగా హారతిపాట. పాట పూర్తియైనవరకు మేమచ్చటనే నిలిచితిమి. గడియ తీయుటకు ఆమెకు మూడుసార్లు పట్టినది. వచ్చి, తలుపుదగ్గర మమ్ము చూచి, "కాఫీ" అనిరి.